మూతి దాకా చెక్క ఉన్న రైఫిల్‌ని ఎలా కొలవాలి

(డల్లాస్ దగ్గర తెలుగు మిత్రుల శనివారం కూటమిలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారమండీ. రైఫిల్ తెస్తాననుకుని వచ్చినవాళ్ళు ఏమీ అనుకోకండి, హాల్లో పిల్లలున్నారు, హాలు వాళ్ళ రూలు కూడా ఒప్పుకోదు. ఫోటోలు తెర మీద చూపిస్తాను. చేతిలో మాత్రం ఈ పుల్ల ఒక్కటే తెచ్చాను. హార్డ్‌వేర్ షాపులో దొరికే గుండ్రటి చెక్క పుల్ల, మందం అంగుళంలో 16 భాగాలు చేస్తే అందులో మూడు. పాత వేట రైఫిల్ బ్యారెల్, అంటే గుండు వెళ్ళే గొట్టం, మూతి నుంచి లోపలికి ఎంత పొడుగో కొలిచేది దీంతోనే. ఇవాళ నేను చెప్పే మాటలన్నీ ఈ పుల్ల చుట్టూనే తిరుగుతాయి.

ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్పనివ్వండి. మాది ఆదిలాబాద్ వైపు. మా తాత దగ్గర ఒక .315 రైఫిల్ ఉండేది, బెంగాల్లో ఇషాపూర్ తుపాకీల ఫ్యాక్టరీలో చేసింది, అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికని లైసెన్సు. నాకు ఊహ తెలిసేసరికి అది కాల్చేది లేదు, పేల్చేది లేదు, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట అనే మాటే ఇంట్లో లేదు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఠాణాలో జమ చేసి రసీదు తెచ్చుకోవడం, ఫలితాలు వచ్చాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవడం, దసరాకి దించి తుడిచి బొట్టు పెట్టడం, అంతే. నేను పక్కన కూర్చుని నూనె గుడ్డ అందించేవాణ్ణి. ఆ తుపాకీలో పట్టే తూటా ఎక్కడ పుట్టిందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఇక్కడికొచ్చిన చాలా ఏళ్ళకి తెలిసింది, అది ఆస్ట్రియా సైన్యం తూటా అని! ఇంగ్లీషువాళ్ళు తమ సైన్యం వాడే .303 తూటా మన దేశంలో మామూలు జనం చేతిలో ఉండకూడదనుకున్నారు. దాంతో కంపెనీలు వేరే తూటా వెతుక్కున్నాయి, ఆస్ట్రియావాళ్ళ 8×50 ఆర్ మాన్లికర్ తీసుకుని (మొదటి అంకె ఉజ్జాయింపుగా గుండు లావు, రెండోది తూటా తొడుగు పొడుగు, రెండూ మిల్లీమీటర్లలో), దానికి .315 అని పేరు పెట్టి, ఆ కొలతలో రైఫిళ్ళు చేసి అమ్మారు. స్వతంత్రం వచ్చాక మన ఇషాపూర్ ఫ్యాక్టరీ కూడా అదే తూటాకి చేస్తూ వచ్చింది. అంటే తెలంగాణలో, ఆంధ్రలో ఎంతమంది ఇళ్ళలో .315 ఉందో అంతమంది ఇళ్ళలో మాన్లికర్ పేరు చెప్పకుండా కూర్చుని ఉందన్నమాట. ఇది తెలిసిన రోజు నేను నిద్రపోలేదు. ఎవరీ మాన్లికర్ అని చదవడం మొదలుపెట్టాను, చదివి చదివి చివరికి ఈ మూతి దాకా చెక్క ఉండే రైఫిళ్ళ దగ్గర ఆగాను.

ఫెర్డినాండ్ మాన్లికర్ ఆస్ట్రియాలో తుపాకీలు రూపొందించిన ఇంజనీరు, 1848లో పుట్టి 1904లో పోయాడు. ఆయన పేరు మీద సైన్యాల రైఫిళ్ళు చాలా ఉన్నాయి కానీ వేటగాళ్ళు గుర్తుపెట్టుకున్నది స్టైర్ ఊళ్ళో ఒట్టో షోనౌయర్‌తో కలిసి చేసిన మాన్లికర్ షోనౌయర్. స్టైర్ అనేది ఎన్స్ నది, స్టైర్ నది కలిసేచోట ఉన్న ఊరు, ఊరి పేరే కంపెనీ పేరైంది. 1903లో గ్రీసు సైన్యం దీన్ని తీసుకుంది, వాళ్ళది పొడుగు బ్యారెల్ రైఫిల్, 72.5 సెంటీమీటర్లు. అదే మరతో, అంటే తూటాని లోపలికి నెట్టి పేల్చే యంత్రంతో, అదే ఏడాది వేటగాళ్ళ కోసం ఒక పొట్టి రైఫిల్ కూడా చేశారు. తెర మీద ఉన్నది అదే. చూడండి, చెక్క భుజానికి ఆనే మడమ దగ్గర మొదలై బ్యారెల్ చివరిదాకా వెళ్ళింది, చివర ఒక ఉక్కు టోపీ. దీన్ని ఫుల్ స్టాక్ అంటారు. జర్మన్ మాట్లాడేవాళ్ళు స్టుట్సెన్ అంటారు, కత్తిరించి పొట్టి చేసింది అని ఆ మాటకి మూలం. ఇప్పుడు ఏ కంపెనీ చేసినా సరే, చెక్క మూతిదాకా ఉంటే చాలు, మాన్లికర్ స్టాక్ అనేస్తున్నారు. జర్మనీలో మౌజర్ వాళ్ళూ చేశారు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చెక్ దేశంలో బ్ర్నో వాళ్ళూ చేశారు, వాళ్ళ 21 నంబరు సగం చెక్కది, 22 నంబరు పూర్తి చెక్కది.

ఎందుకంత దూరం చెక్క? ఆల్ప్స్ కొండల్లో షామ్వా అనే కొండమేకని వేటాడాలంటే తుపాకీ వీపున వేసుకుని రాళ్ళు పట్టుకుని పాకాలి. పొడుగు బ్యారెల్ అయితే ప్రతి రాయికీ తగులుతుంది. పొట్టిదై, చుట్టూ చెక్క ఉంటే ఉక్కుకి దెబ్బ తగలదు, మంచులో చేతికి చల్లగానూ ఉండదు. లోపల షోనౌయర్ పెట్టిన చక్రం ఉంటుంది, ఐదు తూటాలు, ఒక్కోటి తన గాడిలో తాను కూర్చుంటుంది, ఒకదానికొకటి రాసుకోవు. బోల్ట్, అంటే తూటాని గదిలోకి నెట్టి మూసే ఉక్కు కడ్డీ, వెనక్కి లాగితే నెయ్యి పూసినట్టు జారుతుంది, ఇది నేను ప్రేమతో ఎక్కువ చేసి చెప్పడం లేదు, ఒకసారి పట్టుకున్నవాళ్ళెవరైనా ముందు ఈ మాటే అంటారు. మడమలో చిన్న తలుపు, తీస్తే లోపల ముక్కలుగా విడిపోయే శుభ్రం చేసే కడ్డీ, రెండు మూడు తూటాలు దాచుకునే చోటు. ట్రిగ్గర్లు చాలావాటికి రెండు, వెనకది నొక్కి సిద్ధం చేస్తే ముందుది వెంట్రుక తగిలినంతలో పేలుతుంది, అందుకే దాన్ని ఎవరికైనా చూపించేటప్పుడు నేను చాలా జాగ్రత్తగా ఉంటాను.

ఇక కొలతలు. కొత్తగా కొనేవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

1903 మోడల్ తూటా 6.5×54. ఇంగ్లీషువాళ్ళు .256 మాన్లికర్ అనేవాళ్ళు. దాని పొట్టి రైఫిల్ బ్యారెల్ 45 సెంటీమీటర్లు, మన లెక్కలో 17.7 అంగుళాలు. తర్వాత వరసగా 1905లో 9×56, 1908లో 8×56, 1910లో 9.5×57 తూటాలకి చేశారు, ఈ మూడింటి ఫుల్ స్టాక్‌లకి 50 సెంటీమీటర్లు. తూటా లావైంది, మందు ఎక్కువైంది, బ్యారెల్ ఐదు సెంటీమీటర్లు పెరిగింది. ఇవే మోడళ్ళలో సగం చెక్క రైఫిళ్ళు కూడా చేశారు, వాటికి మామూలుగా 60. 1920లలో 7×64, 9.3×62 లాంటి పొడుగు తూటాలకి చేసిన హై వెలాసిటీ రైఫిళ్ళు ఎక్కువగా ఆ సగం చెక్క, 60 సెంటీమీటర్ల దారిలోనే వెళ్ళాయి. యుద్ధం అయిపోయి 1950 మోడల్ వచ్చేసరికి కార్బైన్‌లు, అంటే ఈ పొట్టి ఫుల్ స్టాక్ రైఫిళ్ళు, 20 అంగుళాలు అయ్యాయి. ఒక్క 6.5 కార్బైన్ మాత్రం 18¼ అంగుళాలు.

ఈ 18¼ ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను చాలా రోజులు తలబద్దలు కొట్టుకున్నాను. పాతది 17.7, మరీ అంత చిన్న తేడా ఎందుకు, అర అంగుళం కలిపితే జింకకేం తెలుస్తుంది? జవాబు ఆస్ట్రియా కొండల్లో లేదు, ఈ దేశం చట్టంలో ఉంది. 1934లో ఇక్కడ జాతీయ ఆయుధ చట్టం వచ్చింది, 18 అంగుళాల కన్నా పొట్టి బ్యారెల్ రైఫిల్ ఉంటే ప్రత్యేకంగా రిజిస్టర్ చేయాలి, చేతులు మారితే 200 డాలర్లు పన్ను కట్టాలి అని అందులో ఉండేది. 1934లో 200 డాలర్లంటే రైఫిల్ ధర కన్నా పెద్ద మాట. 17.7 అంగుళాల 1903 అంగుళంలో పదింట మూడు వంతుల తేడాతో ఆ గీత కిందకి జారిపోయింది. 1960లో ఆ గీతని 16 అంగుళాలకి దించారు కాబట్టి ఇప్పుడు బాధ లేదు, కానీ మధ్యలో పాతికేళ్ళకి పైగా ఆ 0.3 అంగుళం తేడా రైఫిళ్ళ మీద మచ్చ వదిలింది. నేను పెన్సిల్వేనియాలో ఒకాయన ఇంట్లో చూసిన 1903కి మూతి దగ్గర చిన్న ఉక్కు ఉంగరం అతికించి ఉంది. గోటితో రాస్తే అతుకు తెలుస్తుంది, కంటికి సరిగ్గా కనిపించదు. 18 దాటించడానికి ఆ రోజుల్లో చేసిన పని అది. అలాంటిది దొరికితే పాడుచేసిన తుపాకీ అని పక్కన పెట్టకండి, ఉంగరం పీకేయాలని అసలు చూడకండి. ఆ రైఫిల్ ఎప్పుడు ఏ దేశంలో తిరిగిందో ఆ ఉంగరమే చెబుతోంది. నాకైతే మచ్చలేని 1903 కన్నా అదే ముచ్చటేసింది, ఆయన అమ్మనన్నాడు గానీ.

ఇప్పుడు నా సొంత నష్టం చెబుతాను. తొమ్మిదేళ్ళ కిందట ఒక గన్ షోలో ఒక బల్ల దగ్గర 1908 మోడల్ కనిపించింది. చెక్క రంగు చూస్తే మతి పోయింది, బాగా కాగిన బెల్లం పాకం రంగు. అమ్మేవాడు, ఇది అరుదైన పొట్టి రకం, ప్రత్యేకంగా ఆర్డరిచ్చి చేయించుకున్నది, మామూలుగా దొరకదు అన్నాడు. టేపు తీసి బయట నుంచి కొలిచి చూపించాడు. నేను నమ్మి, అరుదైనదానికి పెట్టాల్సిన ధర పెట్టాను. ఇంటికొచ్చి లోపల పుల్ల పెట్టి కొలిస్తే 47 సెంటీమీటర్లు. 1908కి 50 ఉండాలి. సరే, ప్రత్యేకం అన్నాడుగా అని సర్దిచెప్పుకున్నాను. వారం తర్వాత పగటి వెలుగులో పెట్టి చూస్తే ముందు బెల్టు తగిలించే కొక్కెం, ఉక్కు టోపీ ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నాయి. ఫోటోల్లో ఉండే దూరం కన్నా సరిగ్గా మూడు సెంటీమీటర్లు తక్కువ! టోపీ నీలం రంగు మిగతా ఉక్కు రంగుతో కలవడం లేదు. ముందు గురి దిమ్మ కింద ఉక్కు మీద పాత అతుకు జాడ ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఎందుకంటే దిమ్మ వెనక్కి జరిగింది. మూతి ఎప్పుడో తుప్పుపట్టి తినేసి ఉంటుంది, ఎవరో మూడు సెంటీమీటర్లు కోసేసి, చెక్కనీ అంతే కోసి, టోపీ మళ్ళీ బిగించారు. పనివాడు మంచివాడే, చాలా శుభ్రంగా చేశాడు. చేసిన పని గురించి చెప్పకుండా అమ్మినవాడి మీదే నాకు ఇప్పటికీ కోపం. తిరిగి ఫోన్ చేస్తే అమ్మిన సరుకు వాపసు లేదన్నాడు.

కానీ ఒకటి అర్థమైంది. సగం చెక్క రైఫిల్ బ్యారెల్ కోస్తే ముందు గురి ఒక్కటి జరిపితే సరిపోతుంది, చూసి ఎవరూ పట్టుకోలేరు. ఫుల్ స్టాక్‌లో బ్యారెల్ కోస్తే చెక్క కోయాలి, టోపీ జరపాలి, టోపీ మరమేకు ఎక్కే రంధ్రం కొత్తది వేయాలి, కొక్కెం దూరం మారుతుంది. నాలుగు చోట్ల అబద్ధం ఆడాలి. ఏదో ఒక చోట దొరికిపోతుంది. అందుకే నేను ముందు పొడుగు కొలుస్తాను, తర్వాతే చెక్క అందం చూస్తాను. పొడుగు ఆ మోడల్ పొడుగుతో కలవకపోతే మిగతా నాలుగు చోట్లా వెతుకుతాను. ఇప్పటిదాకా ఈ పద్ధతి నన్ను మళ్ళీ మోసపోనివ్వలేదు.

కొలవడం ఎలాగంటే, ముందు ఖాళీ చేయాలి. మాన్లికర్ షోనౌయర్‌లో ఒక సుఖం ఉంది, బోల్ట్ తెరిచాక లోపల కుడిపక్కన ఒక మీట ఉంటుంది, నొక్కితే చక్రంలో ఉన్న తూటాలన్నీ ఒక్కసారి పైకి వచ్చేస్తాయి. తర్వాత తూటా కూర్చునే గదిలో వేలు పెట్టి చూడండి, కంటితో చూసి సరిపెట్టుకోవద్దు. అప్పుడు బోల్ట్ మూసేయాలి. మూతి నుంచి పుల్ల నెమ్మదిగా లోపలికి దించాలి, బోల్ట్ ముఖానికి తగిలి ఆగుతుంది. మూతి చివర దగ్గర పుల్ల మీద పెన్సిల్ గీత. బయటికి తీసి కొలవండి. చట్టం లెక్కకి కూడా ఇదే పద్ధతి. బయట నుంచి టేపుతో కొలిస్తే బ్యారెల్ మర లోపలికి ఎంత దూరం వెళ్ళిందో తెలియదు, ఒక్కొక్కరు ఒక్కో చోట నుంచి మొదలుపెడతారు, నాకు చూపించింది అలాంటి కొలతే. పావు అంగుళం పుల్ల మాత్రం తీసుకోకండి, 6.5 బ్యారెల్ రంధ్రంలో బిగుసుకుంటుంది, సగంలో విరిగితే మీ పని అయిపోయినట్టే. అందుకే ఈ సన్నది.

పొట్టి బ్యారెల్ వల్ల ఏమైనా పోతుందా అంటే కొంచెం పోతుంది. ఉజ్జాయింపుగా అంగుళానికి సెకనుకి 20, 30 అడుగుల వేగం తగ్గుతుంది, చప్పుడూ మంటా కొంచెం ఎక్కువ. కానీ 6.5×54 వేగం మీద బతికే తూటా కాదు. 160 గ్రెయిన్ల, అంటే పది గ్రాముల పైన బరువున్న పొడుగాటి, గుండ్రటి ముక్కు గుండు, సన్నగా ఉండి లోతుగా దిగుతుంది. ఆఫ్రికాలో బెల్ అనే స్కాట్లాండ్ వేటగాడు ఏనుగుల మీద కూడా ఇది వాడాడు. వెయ్యికి పైగా ఏనుగులు చంపినవాడు ఆయన, అది మెచ్చుకునే పని అని నేను అనను, కానీ అంత చిన్న గుండు అంత లోతుకి ఎలా వెళ్ళిందనేది మాత్రం ఆ గుండు పొడుగులో ఉంది. మర కూడా ఆ గుండు ఆకారానికే చేశారు, అందుకే మొనదేరిన చిన్న గుళ్ళు పెడితే చక్రం కొన్నిసార్లు మొరాయిస్తుంది.

చెక్క వల్ల ఇంకో చిక్కు ఉంది, ఇది హ్యూస్టన్ వైపు ఉండేవాళ్ళు బాగా వినండి. బ్యారెల్ పొడుగునా చెక్క తగులుతూ ఉంటుంది కదా, గాలిలో తేమకి చెక్క ఉబ్బి బ్యారెల్‌ని నెడుతుంది, పోయిన నెల సరిగ్గా పడిన గురి ఈ నెల పక్కకి పోతుంది. అది భరించవచ్చు. కంటికి కనిపించని తుప్పు భరించలేం. చెక్క కింద దాగిన ఉక్కు భాగం దశాబ్దాలుగా ఎవరూ చూసి ఉండరు. వానలో తడిసిన తుపాకీని పైపైన తుడిచి గూట్లో పెడితే లోపలి నీళ్ళు అక్కడే ఉంటాయి. కొనేముందు అమ్మేవాణ్ణి అడిగి చెక్క దించి చూడాలి, అయితే తొందరపడితే ముందు భాగంలో చెక్క కాగితంలా పలచగా ఉంటుంది, చీలిపోతుంది. టోపీ మరమేకు, కొక్కెం మరమేకు, కింద రెండు పెద్ద మరమేకులు, అన్నీ తీసి, బ్యారెల్‌ని రెండు చేతులతో ఒకే ఎత్తులో లేపాలి. మరమేకుల గాడులు ముందే నలిగి ఉంటే మీకన్నా ముందు ఎవరో తెలియనివాడు తీశాడని అర్థం. ఇంట్లో పెట్టుకునేటప్పుడు మూతి కిందకి పెట్టండి, లేకపోతే నూనె కిందకి కారి చేతిపట్టు దగ్గర చెక్కలోకి ఇంకి, నల్లబడి మెత్తబడుతుంది. మా తాత అలాగే తలకిందులుగా నిలబెట్టేవాడు. ఎందుకు తాతా అంటే మా నాయన అట్లనే పెట్టిండు అనేవాడు.

తూటాల దగ్గర ఒక్క హెచ్చరిక. 8×56 అని అంకె చూసి 8×56 ఆర్ కొనుక్కునేవాళ్ళని చూశాను. ఆ ఆర్ అన్న అక్షరం ఉన్నది అంచు ఉండే సైన్యం తూటా, 1908 మోడల్ తూటాతో దానికి సంబంధం లేదు. బ్యారెల్ మీద ఏం రాసి ఉందో చదవండి, అంతటితో ఆగకుండా తుపాకులు బాగుచేసే తెలిసిన గన్‌స్మిత్ చేత తూటా కూర్చునే గది అచ్చు తీయించండి. వందేళ్ళలో ఎవరు ఏం మార్చారో రాత చెప్పదు.

ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి.

(సభలోంచి: అన్నా, ఇవి ఇండియాకి తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకోవచ్చా?)

ఆ ఆలోచన పెట్టుకోవద్దు తమ్ముడూ. అక్కడ 2019లో ఆయుధ చట్టం సవరించి ఒక మనిషికి మూడు ఉండేవాటిని రెండుకి తగ్గించారు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోనే. క్రీడల షూటర్లకి వేరే వెసులుబాటు ఉంది. ఇలా పోగుచేసి పెట్టుకోవడం అక్కడ కుదరదు. మా తాత రైఫిల్ కూడా ఆయన పోయాక లైసెన్సు మార్పించుకునేవాళ్ళు లేక అప్పగించేశాం. ఇక్కడైతే 50 ఏళ్ళు దాటినవాటికి క్యూరియో లైసెన్సు అని ఉంది, పోగుచేసేవాళ్ళ కోసమే. మీ రాష్ట్రం రూలు విడిగా చూసుకోండి.

(సభలోంచి ఒక అమ్మాయి: అంకుల్, మొదటిసారి కొనాలంటే ఏది?)

1950 తర్వాతి 6.5 కార్బైన్ చూడమ్మా. పాత 1903 అంత ధర ఉండదు, 18¼ అంగుళాలు అని కచ్చితమైన కొలత ఉంది, మోసం త్వరగా బయటపడుతుంది. బోల్ట్ మీది నంబరు, రైఫిల్ మీది నంబరు ఒకటేనా చూడు. వెంటనే కొనకు. పది చూసి, పదీ కొలిచి, పదకొండోది కొను.

అదిగో ఆ బల్ల మీద ఓ రెండు డజన్ల పుల్లలు కోసి పెట్టాను, ఒక్కోదాని మీద 45 సెంటీమీటర్లు, 18¼ అంగుళాలు, 50 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు, నాలుగు గీతలు గీసి ఉన్నాయి. ఏ గీత ఏ మోడలో కాగితం చుట్టి పెట్టాను. తలా ఒకటి తీసుకెళ్ళండి.